తీగ లేని మెఱుపు దీపము

ఛాయాచిత్రశాలలో చిత్రము తీయువాడు కెమేరా మీట నొక్కినతోడనే, దూరముననున్న దీపము తళుక్కున మెఱయును. నడుమ తీగ యొక్కటియు కానరాదు. ఆ దీపమునకు వేళ తెలిపిన దెవరు? ఈ ప్రశ్న మన విద్యార్థులకు తోచునదే గనుక దాని నిచ్చట వివరింప బూనితిమి.

1887వ సంవత్సరమున జర్మనీలో మీథే, గేడికే అనువారు మెగ్నీషియముతో కూడిన మెఱుపు పొడిని కనిపెట్టిరి. దాని వెలుగు గొప్పదే. పొగయు ప్రమాదమును అట్టివే. 1931వ సంవత్సరమున అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్తుచే మెఱయు దీపమును సిద్ధపఱచెను. నేటి దీపములలో గ్జెనాన్ వాయువు నింపిన గాజుగొట్టము గలదు. దాని వెలుగు సుమారు సెకనులో వేయవ వంతు మాత్రమే నిలుచును.

కావున వెలుగు ఎంత యనుదానికంటె ఎప్పుడు అనునదే ముఖ్యము. పెక్కు కెమేరాల షట్టరులో రెండు తెఱలుండును. మొదటిది తొలగి చిత్రఫలకమును తెఱచును. రెండవది వచ్చి మూయును. సాధారణముగా సెకనులో 200వ వంతు వఱకు, ఫలకమంతయు ఒక్కసారిగా తెఱచియుండు క్షణము కలదు. దీప మా క్షణముననే మెఱయవలెను. వేగమును 1000వ వంతునకు పెంచినచో, రెండవ తెఱ మొదటిదానిని వెన్నంటి వచ్చును. నడుమ సన్నని సందు మాత్రమే మిగులును. అప్పుడు చిత్రములో ఒక పట్టీ వెలుగును, తక్కినది చీకటి.

పూర్వము ఈ యాజ్ఞను తీగ మోసెడిది. అది కాళ్లకు తగులుకొనుటయు, దీపస్తంభము పడుటయు కలదు. కొన్ని పాత దీపముల హెచ్చు వోల్టేజి ఆ తీగవెంట కెమేరాను చెఱచుటకును వీలుండెను. నేడు కెమేరాపై చిన్న ప్రసారిణియు, దీపమున గ్రాహకమును అమర్చుదురు. పెక్కింటిలో రేడియో తరంగము 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యమున నడచును. తరంగము సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక 10 మీటర్లు దాటుటకు సెకనులో 3 కోట్లవ వంతు చాలును. ఆలస్యము దారిలో కాదు, యంత్రములు ఆజ్ఞను చదువుటలో కలుగును.

చిత్రపు అంచున నల్లని చార కనబడినచో దీపమును నిందింపక, షట్టరు వేగమును 160 లేక 125వ వంతునకు తగ్గించి చూడవలెను. ప్రక్క గదిలో మఱియొకరు అదే చానెలు వాడుచున్నచో, వారి మీటకు మన దీపము మెఱయును. అప్పుడు చానెలు మార్చవలెను. దూరప్రాంతములనుండి వచ్చి కూడిన తాతలు, మనుమలు మరల ఒక్కచోట నిలుచుట అరుదు. అందుచేత వారు నిలువకముందే పరీక్షాచిత్రము తీసి, నాలుగు అంచులను చూచుట మంచిది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఆర్పివేసిన దీపములోను కెపాసిటరునందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. చెడిన దీపమును పిల్లలచే విప్పనీయరాదు. పని తెలిసినవారికే అప్పగింపవలెను.