నక్షత్రాల మీద వేరుకాపురం

మనిషి వేరే నక్షత్రాలకి వెళ్ళి స్థిరపడితే ఏమవుతుంది? సినిమా వాళ్ళని అడిగితే వింతజీవులతో యుద్ధం అంటారు. ఐజాక్ అసిమోవ్ మాత్రం మన ఇళ్ళలో విన్నట్టుండే జవాబు చెప్పాడు. మనుషులకీ మనుషులకీ మధ్యే పడదన్నాడు. అదీ ఆస్తుల కోసం కాదు, ఇంట్లో పనిచేసిపెట్టే యంత్రాల దగ్గర. అన్నదమ్ములు వేరుపడి, కొన్ని తరాలు గడిచాక ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు కూడా ముట్టని దాయాదులైనట్టు.

1954లో పుస్తకంగా వచ్చిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' కథ వేల ఏళ్ళ తర్వాతి కాలానిది. అప్పటికే భూమి నుంచి వెళ్ళిన వాళ్ళు 50 గ్రహాల మీద స్థిరపడిపోయారు. వాళ్ళని స్పేసర్లు అంటారు. తక్కువ జనం, చుట్టూ రోబోలు, మూడు నాలుగు వందల ఏళ్ళ ఆయుష్షు. భూమి మీద మిగిలిన 800 కోట్ల మంది (ఈ అంకెని మనం 2022లోనే చేరుకున్నాం లెండి) ఉక్కు కప్పుల కింద, ఆకాశం కనపడని మహానగరాల్లో ఇరుక్కుని ఉంటారు. వీళ్ళకి రోబోలంటే ఒళ్ళు మంట. కారణం లేకపోలేదు. కథానాయకుడు ఎలైజా బేలీ ఒక పోలీసు డిటెక్టివ్. అతని ఆఫీసులో చిన్నాచితకా పనులు చేసే కుర్రాడి ఉద్యోగం, కథ మొదలయ్యేసరికే ఒక రోబోకి పోయింది. మన సాఫ్ట్‌వేర్ మిత్రులు ఆ పేజీ దగ్గర కాసేపు ఆగుతారనుకుంటాను.

న్యూయార్క్ పక్కనే స్పేసర్లకి ఒక చిన్న ఊరుంది. భూమి మనిషి అందులోకి అడుగుపెట్టాలంటే ముందు శుభ్రంగా స్నానం చేసి, పరీక్షలు చేయించుకోవాలి. దీన్ని భూమి వాళ్ళు ఘోర అవమానంగా తీసుకుంటారు. అసిమోవ్ గొప్పతనం ఇక్కడే ఉంది. స్పేసర్లది ఒట్టి పొగరు కాదు. తమ గ్రహాల్లో రోగాలన్నీ తుడిచిపెట్టేసుకున్నారు కాబట్టి వాళ్ళ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి లేదు. మామూలు జలుబు వాళ్ళ ప్రాణం మీదికి తేగలదు. అంటే భయం నిజం, అవమానమూ నిజమే.

ఇది చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు మేమూ అందరిలాగే సీసా నీళ్ళ పెట్టె దింపుతాం. డాక్టరు చెప్పిన మాటే, పిల్లల కడుపులు తట్టుకోలేవు. అమ్మ ఏమీ అనదు. ఒక్కసారి మాత్రం, "ఈ నీళ్ళు తాగే కదరా నువ్వు పెరిగావు" అంది. డాక్టరుదీ తప్పు కాదు, అమ్మదీ తప్పు కాదు. ఆ ఇంట్లో స్పేసర్లం మేమే.

న్యూజెర్సీ పాఠకులకి ఒక తమాషా సంగతి. ఈ నవలలో నువార్క్, న్యూ బ్రన్స్‌విక్, ట్రెంటన్ ఉన్న చోటంతా నగరానికి తిండి పండించే ఈస్ట్ తోటలు. మనవాళ్ళ ఇడ్లీ హోటళ్ళ సంగతి అప్పటికి ఆయన ఊహకి అందలేదు మరి. అసిమోవ్ కూడా వలస వచ్చిన ఇంటి బిడ్డే. రష్యాలోని పెట్రోవిచి అనే పల్లెలో పుట్టి, 1923లో మూడేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికా వచ్చాడు. బ్రూక్లిన్‌లో వాళ్ళది మిఠాయి కొట్టు. ఇంట్లో ఇడ్డిష్ భాష, వీధిలో ఇంగ్లీషు. ఇన్ని గ్రహాలు తిప్పిన మనిషికి విమానం ఎక్కడమంటే మాత్రం భయం!

రెండో నవల 'ది నేకెడ్ సన్' 1957లో వచ్చింది. మన 'మాయాబజార్' విడుదలైందీ ఆ ఏడాదే. అందులో ప్రియదర్శిని పెట్టె మూత తీయగానే శశిరేఖకి అభిమన్యుడు కనిపించడం గుర్తుందిగా? అసిమోవ్ సొలేరియా గ్రహంలో ఇంటింటా అలాంటి ఏర్పాటే. జనాభా 20,000, మనిషికి 10,000 రోబోలు. ఎవరి ఎస్టేటు వాళ్ళది. ఒకరినొకరు బొమ్మగా 'వీక్షిస్తారు', నేరుగా 'చూడరు'. ఎదురెదురుగా కూర్చోవడమంటే వాళ్ళకి అసహ్యం. హత్య కేసు విచారణకి వెళ్ళిన బేలీతో అక్కడి సోషియాలజిస్టు ఒకాయన ధైర్యం చేసి ఒకే గదిలో, దూరంగా కూర్చుంటాడు. మాటల మధ్యలో ఇక తట్టుకోలేక లేచి వెళ్ళిపోయి, మిగతా సంభాషణ బొమ్మలోంచి పూర్తి చేస్తాడు.

మా అమ్మాయి ప్రతి ఆదివారం వాట్సాప్‌లో నాయనమ్మతో గలగలా మాట్లాడుతుంది. అదే పిల్ల, 2022లో ఊరు వెళ్ళినప్పుడు నాయనమ్మ ఒళ్ళోకి లాక్కుంటే కర్రలా బిగుసుకుపోయింది. "ఫోన్లో పిల్లేనా ఇది?" అంది అమ్మ, నవ్వుతూనే. బిగువు సడలడానికి నాలుగు రోజులు పట్టింది. సొలేరియా వాళ్ళకి ఆ నాలుగు రోజులు దొరకలేదు.

ఇలాంటి చీలికల గురించి ఇంకా కొందరు రాశారు. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965)లో ఆలోచించే యంత్రాల మీద మతమే నిషేధం పెడుతుంది. కంప్యూటర్ల పని చేయడానికి మనుషులకే తర్ఫీదు ఇస్తారు. బ్రూస్ స్టెర్లింగ్ 'స్కిజ్‌మాట్రిక్స్' (1985)లో జన్యువులు మార్చుకునే వాళ్ళొక పక్షం, ఒంట్లో యంత్రాలు అమర్చుకునే వాళ్ళొక పక్షం. ఇవి గొప్పవే కానీ నాకు అసిమోవ్ దగ్గరే ఇంటి వాసన తగులుతుంది.

ముఖ్యంగా 'రోబోట్స్ అండ్ ఎంపైర్' (1985)లో ఒక ఘట్టం. సొలేరియా వాళ్ళు రోబోలని వదిలేసి ఎటో మాయమైపోతారు. భూమి నుంచి కొత్తగా బయల్దేరిన సెట్లర్లు, రోబోలని దగ్గరికే రానివ్వని వాళ్ళు, ఆ గ్రహం మీద దిగితే రోబోలే చంపేస్తుంటాయి. మనిషికి హాని చెయ్యకూడదన్నది రోబోల మొదటి సూత్రం కదా, ఇదెలా? సూత్రం చెక్కుచెదరలేదు. 'మనిషి' అన్న మాటకి అర్థం మార్చారంతే. సొలేరియా యాసలో మాట్లాడేవాడే మనిషి, మిగతావాళ్ళు కారు.

ఆ పేజీ దగ్గర మా అమ్మాయి పుస్తకం మూసి నా దగ్గరికొచ్చింది. బ్యాంకు ఫోన్లో మరమనిషి గొంతు నా ఇంగ్లీషు అర్థం కాక "మళ్ళీ చెప్పండి" అన్నప్పుడల్లా తను నవ్వేది. విజయవాడలో తన తెలుగుకి అత్త పిల్లలు నవ్వారు. "నాన్నా, ఆ రోబోలు మనిద్దర్నీ చంపేస్తాయి కదా?" అంది. అవునన్నాను. "నాయనమ్మని?" అనడిగింది. నాయనమ్మనీ చంపేస్తాయమ్మా అన్నాను. ముగ్గురం ఒకే జట్టులో ఉన్నందుకు దానికి సంతోషంగానే ఉన్నట్టుంది.

పిల్లల చేత చదివించాలనుకుంటే 'కేవ్స్ ఆఫ్ స్టీల్'తో మొదలుపెట్టండి. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి డిటెక్టివ్ కథలా సాగిపోతుంది. 'నేకెడ్ సన్' ఇంకో ఏడాది ఆగి ఇవ్వొచ్చు. మూడోది, 'ది రోబోట్స్ ఆఫ్ డాన్' (1983), పెద్దల వ్యవహారాలున్న నవల, ముందు మీరు చదవండి. అందులో బేలీ, ఉక్కు కప్పు కిందే పుట్టి పెరిగి ఆరుబయలంటే వణికే మనిషి, కొడుకుతో కలిసి బయటి పొలాల్లోకి వెళ్ళి ఎండలో నిలబడడం అలవాటు చేసుకుంటుంటాడు. కొడుకు మరో గ్రహానికి వెళ్ళిపోవాలని చూస్తున్నాడు, తండ్రికి ఆ సంగతి తెలుసు.