మీకు తెలుసా? అమ్మినవాడొక్కడే రద్దు చేస్తే చెల్లదు

పత్రికల్లో ‘ఏకపక్షం’ అన్న మాట చాలాసార్లు నిందగానే కనిపిస్తుంది. యాజమాన్యం ఏకపక్షంగా జీతాలు కోసిందంటారు, మంత్రి ఏకపక్షంగా వ్యవహరించారంటారు. ఎదుటివాళ్ళను అడగకుండా ఒకవైపు వాళ్ళే కానిచ్చేశారని అర్థం. ఒంటెద్దు పోకడ అన్నా ఇదే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాత్రం ఇది తిట్టు కాదు. ఈ పనికి ఒక్కరి సంతకం చాలా, ఇద్దరిదీ కావాలా అన్నదే అక్కడ ప్రశ్న. ఆ తేడా తెలియక స్థలాలు పోగొట్టుకున్నామని బెంగపడేవాళ్ళు ఎందరో.

పక్షపాతం వేరు, ఏకపక్షం వేరు. పక్షపాతం మనసుకు సంబంధించింది, ఏకపక్షం పద్ధతికి సంబంధించింది. ఎంత న్యాయమైన నిర్ణయమైనా రెండోవారి మాట వినకుండా చేస్తే ఏకపక్షమే.

వీలునామా పూర్తిగా ఏకపక్ష పత్రం. రాసినవారు బతికి, తెలివిలో ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఆస్తి రాబోయేవాళ్ళ ఒప్పుదల అక్కర్లేదు. రిజిస్టరు చేయించిన వీలునామాకైనా ఇదే సూత్రం.

అమ్మకం అలా కాదు. డబ్బు పుచ్చుకుని, దస్తావేజు రిజిస్టరు చేసి ఇచ్చాక ఆ స్థలం మీద అమ్మినవారికి హక్కు మిగలదు. అయినా కొన్నేళ్ళకు భూమి రేటు పెరిగాక, కొన్నవారికి చెప్పకుండా ఒక్కరే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళి ‘రద్దు దస్తావేజు’ రాయించి, అదే స్థలాన్ని ఇంకొకరికి అమ్మడం మన దగ్గర జరిగింది. మొదట కొన్నవారికి ఆ సంగతి తెలిసేది ఎప్పుడో ఈసీ (ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించుకున్నప్పుడే. దీన్ని అడ్డుకోవడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో రిజిస్ట్రేషన్ నిబంధనలను సవరించారు. అమ్మకపు దస్తావేజును రద్దు చేసే పత్రం మీద మొదటి దస్తావేజులోని రెండు పక్షాలూ సంతకం చేయాలి. లేదంటే ఆ లావాదేవీని కొట్టేసిన కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ ఉత్తర్వో చూపించాలి. ఇది చూసుకోవాల్సిన బాధ్యత రిజిస్టరు చేసే అధికారిదే.

2010లో ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధననే ఎత్తి చూపింది. అమ్మినవారు ఏకపక్షంగా రాసిన రద్దు దస్తావేజు, దాని రిజిస్ట్రేషన్ రెండూ చెల్లవని చెప్పింది. కొన్నవారికి ఇది ఎంత పెద్ద ఊరటో! మోసపోయినవారే సివిల్ కోర్టు మెట్లెక్కి ఏళ్ళ తరబడి తిరగాలనడం అన్యాయమని నాకెప్పుడూ అనిపించేది. అమ్మకం నిజంగానే మోసమని అమ్మినవారు అనుకుంటే, కోర్టుకెళ్ళి నిరూపించుకోవాల్సింది వాళ్ళే.

దానపత్రం సంగతి కొంచెం మెలికతో ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవారు మనసు మారిందని దానాన్ని వెనక్కి తీసుకోలేరు. అయితే తమను చూసుకోవాలన్న షరతుతో పిల్లలకు ఆస్తి రాసిచ్చిన వృద్ధులకు, వాళ్ళ సంరక్షణ కోసమే తెచ్చిన 2007 నాటి చట్టం ఒక దారి చూపింది. పిల్లలు ఆ మాట తప్పితే ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్ళి బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అక్కడ కూడా రద్దు చేసేది ట్రిబ్యునలే, తల్లిదండ్రుల ఒక్క సంతకం కాదు. అందుకే షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

కోర్టు తీర్పుల్లోనూ ఏకపక్షం ఉంది, దాన్నే ‘ఎక్స్‌పార్టీ అయిపోయింది’ అంటుంటారు. సమన్లు అందినా ప్రతివాది రాకపోతే, వాది వైపు మాత్రమే విని ఇచ్చే డిక్రీ అది. అంతటితో అంతా పోయినట్టు కాదు. రాలేకపోవడానికి సరైన కారణం ఉంటే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టి ఆ డిక్రీని పక్కన పెట్టించవచ్చు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ గడువు లెక్కిస్తారు.