నీటి వెలుగుకు బాట వేసిన తెలుగు మహిళ

నదీ ప్రవాహం నుండి విద్యుత్తును పొందుటకు బొగ్గును కాల్చనక్కరలేదు. అందువలన పొగ పుట్టదు, బూడిద మిగలదు. అయితే కొండల నడుమ ఆనకట్ట వద్ద జనించిన ఆ శక్తి దూరాన ఉన్న ఇంటికి, పొలానికి, కర్మాగారానికి చేరినప్పుడే దానికి సార్థకత. ఈ చేరవేతకు సంబంధించిన ఇంజనీరింగు పనిలో సుమారు మూడు దశాబ్దాలు కృషి చేసిన విదుషీమణి శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత. భారతదేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందిన తొలి మహిళ ఆమెయే.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించినారు. ఆనాటి ఆచారం ప్రకారం పదిహేనవ ఏటనే వివాహమైనది. పద్దెనిమిదేళ్ల వయసులో, కుమార్తె ఇంకా నెలల పసికందుగా ఉండగానే, భర్త మరణించినారు. బాలవితంతువులను ఇంటి మూలకే పరిమితం చేసిన కాలమది. లలిత మాత్రం చదువును ఎంచుకొన్నారు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్‌ను ప్రథమ శ్రేణిలో పూర్తి చేసినారు. వేళాపాళా లేని వైద్యవృత్తి పసిబిడ్డ తల్లికి అనువు కాదని భావించి ఇంజనీరింగు వైపు మొగ్గినారు.

గిండీ ఇంజనీరింగు కళాశాలలో అంతవరకు విద్యార్థినులు లేరు. అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులైన ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రిన్సిపాల్ కె. సి. చాకోను ఒప్పించి కుమార్తెకు ప్రవేశం లభింపజేసినారు. తెరచిన ద్వారం ఒక్కరితో మూతపడలేదు. లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా సివిల్ శాఖలో చేరినారు. లలిత పట్టాపై ‘అతడు’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చినది! అచ్చువేసిన పత్రానికి సైతం స్త్రీ ఇంజనీరు కాగలదన్న ఊహ లేని రోజులవి.

అటు పిమ్మట ఆమె బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో శిక్షణ పొందినారు. సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగించినారు. కొంతకాలం తండ్రి పరిశోధనలకు తోడ్పడినారు. పొగరాని పొయ్యి ఆ పరిశోధనలలో ఒకటి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరి విద్యుత్ ప్రసార మార్గాలు, రక్షణ పరికరాలు, సబ్‌స్టేషన్ల రూపకల్పనలో పనిచేసినారు. భాక్రా నంగల్ పథకపు జనరేటర్లకు సంబంధించిన పనిలోనూ పాలుపంచుకొన్నారు.

ఈ పని ఎటువంటిదో తెలిసికొందము. విద్యుత్తు తీగలో ప్రవహించునప్పుడు కొంత భాగం వేడిగా మారి వృథా అగును. వోల్టేజీని రెట్టింపు చేసినచో అదే శక్తిని సగం కరెంటుతోనే పంపవచ్చును. అప్పుడు నష్టం నాలుగవ వంతుకు తగ్గును. కనుకనే జనరేటరు దగ్గర వోల్టేజీని పెంచి, వాడుక స్థలం చేరువలో తిరిగి తగ్గింతురు.

ఇందులో పదార్థముల ఎంపిక కీలకమైనది. అల్యూమినియం తేలికయైనది, విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును. కాని దానికి ఉక్కుకున్న బలిమి లేదు. అందుచేత ఉక్కు నడిమిపోగు చుట్టూ అల్యూమినియం పోగులను పేని తీగలను తయారుచేయుదురు. విద్యుత్తు స్తంభంలోనికి పారకుండ పింగాణీ అడ్డుకొనును. వేసవిలో తీగ సాగి క్రిందికి వ్రేలాడును, చలికి బిగియును. రెండింటికీ తగినట్లు ముందే లెక్కకట్టవలెను. తీగ తెగినను, పిడుగు పడినను రక్షణ పరికరాలు క్షణకాలంలో ఆ మార్గాన్ని వేరుచేయవలెను. సూరత్‌లోని బమ్రోలిలో మరమగ్గం ఆడినా, తెలంగాణ పల్లెలో మోటారు నీరు తోడినా వాటి వెనుక ఈ లెక్కలే ఉన్నవి.

ఆమె కృషికి గుర్తింపు విదేశాల నుండియు లభించినది. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశంలో ఆమె పాల్గొన్నారు. 1966లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో పూర్తి సభ్యత్వం పొందినారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న కన్నుమూసినారు.

కాలంతోపాటు సమస్య రూపం మారినది. జలాశయంలో నీటిని నిలువ చేసినట్లు ఎండను, గాలిని నిలువ చేయలేము. వాటి నుండి పుట్టిన విద్యుత్తును దాచుటకు బ్యాటరీలు కావలెను. బ్యాటరీ సత్తా దానిలోని పదార్థములపై ఆధారపడును. ఈ పరిశోధనలోనూ మహిళలు ముందున్నారు. తమిళనాడులోని అంబాసముద్రంలో పుట్టి, మాతృభాషా మాధ్యమంలో చదివిన డాక్టర్ ఎన్. కలైసెల్వి లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్ పదార్థములపై విశేష కృషి చేసినారు. ఆమె 2019లో కారైకుడిలోని కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధనాలయానికి, 2022లో సి.ఎస్.ఐ.ఆర్. సంస్థకు తొలి మహిళా సారథి అయినారు.

మద్రాసులో చదివి, జమాల్‌పూర్‌లో చేయి తిప్పుకొని, కలకత్తాలో పనిచేసిన ఒక తెలుగు మహిళ శ్రమ సట్లెజ్ నది ఒడ్డున ఫలించినది. విద్యుత్తుకు ప్రాంతభేదం లేదు, ప్రతిభకును లేదు. ఏ ఇంటనైనను చదువుకొన గోరిన ఆడపిల్లకు దారి విడుచుటయే ఆ తొలి ఇంజనీరుకు మనమర్పించగల నిజమైన నివాళి.