ముద్ద దిగకపోతే గ్యాస్ అనుకోవద్దు

భోజనానికి కూర్చున్న మనిషి ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతుంటాడు. అన్నం రొమ్ము మధ్యలో ఆగిపోయినట్టుంటుంది. రాత్రి పడుకున్నాక తిన్నది గొంతులోకి ఎగదన్ని దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటారు, మందుల షాపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ ఇస్తారు. అలా ఏళ్లు గడిచి, సగానికి సగం చిక్కిపోయాక గానీ కొందరు పెద్ద డాక్టరు దాకా రారు. అప్పుడు తేలుతుంది, అది ఆమ్లం పొంగే జబ్బు కాదని. దాని పేరు అకలేషియా.

అన్నవాహిక పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. అలలు అలలుగా కదిలి ముద్దను కిందికి నెడుతుంది. అడుగున ఉన్న కండర వలయం ముద్ద రాగానే వదులై, అది దాటగానే బిగుసుకుంటుంది. వలయం వేళకాని వేళ వదులైతే కడుపులోని ఆమ్లం పైకొచ్చి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు మొదలవుతాయి. అకలేషియాలో జరిగేది దీనికి తలకిందులు. వలయాన్ని వదులు చేసే నరాల కణాలు నశించి అది తెరుచుకోదు. తిన్నది పైనే నిలవుండి, పులిసి మంట పుట్టిస్తుంది. ఆ మంటే రోగినీ డాక్టరునీ పక్కదారి పట్టిస్తుంది. పైగా ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి మించి కొత్తగా రాని జబ్బు ఇది.

రోగి చెప్పే మాటల్లోనే ఒక ఆనవాలు ఉంటుంది. గొట్టంలో కంతి పెరుగుతుంటే మొదట గట్టి పదార్థాలు, తర్వాత జావ, చివరికి నీళ్లు అడ్డుపడతాయి. అకలేషియాలో అన్నమూ నీళ్లూ రెండూ మొదటినుంచే ఇబ్బంది పెడతాయి.

క్యాన్సర్ లేదని తేల్చుకోవడానికి ముందు ఎండోస్కోపీ తప్పదు. అయితే తొలి దశ అకలేషియాలో అది మామూలుగానే కనిపించవచ్చు. అంతా బాగుందని అక్కడితో ఆపేయడమే అసలు ప్రమాదం. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే గొట్టం కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. జబ్బును ఖాయం చేసేది మానోమెట్రీ. ముక్కులోంచి సన్నని గొట్టం దించి, గుక్కగుక్కకీ కండరం ఎంత ఒత్తిడి పెడుతోందో కొలుస్తారు. నిజంగా ఆమ్లమే పొంగుతోందా అన్న సందేహం ఉంటే రోజంతా ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష చేస్తారు. అన్నవాహికలో ఆమ్లం ఉన్న సమయం 6 శాతం దాటితే రిఫ్లక్స్, అంటే ఆమ్లం పైకి పొంగే జబ్బు, ఉన్నట్టే.

ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1674లోనే ఇలాంటి రోగి గురించి రాశాడు. తిమింగలం ఎముక కొసకు స్పాంజి కట్టి ఇస్తే, ఆ మనిషి దానితో తిన్నదాన్ని కడుపులోకి నెట్టుకుంటూ బతికాడు. బిగుసుకున్న కండరాన్ని కోసే ఆపరేషన్‌ను 1913లో జర్మనీలో ఎర్నెస్ట్ హెల్లర్ చేశాడు. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే పైన కోత లేకుండా, నోట్లోంచి ఎండోస్కోప్ దించి, గొట్టం లోపలి పొర కింద సొరంగం చేసుకుంటూ వెళ్లి ఆ కండరాన్ని కోశాడు. దాన్నే పోయెమ్ అంటున్నారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో వందలమందికి ఈ చికిత్స జరిగింది. తెలుగువాళ్లు దీనికోసం దూరదేశాలకు పోనక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. కండరం కోస్తే ముద్ద దిగుతుంది, కానీ ఆమ్లాన్ని ఆపే తలుపూ తెరుచుకుంటుంది. 221 మంది రోగులపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో పోయెమ్, కీహోల్ ఆపరేషన్ రెండూ ముద్ద దిగడంలో దాదాపు సమానంగా నిలిచాయి. రెండేళ్ల తర్వాత చూస్తే అన్నవాహికలో ఆమ్లం వల్ల వచ్చిన వాపు పోయెమ్ చేసినవాళ్లలో 44 శాతం మందిలో, కీహోల్ ఆపరేషన్‌లో కండరం కోసి కడుపు పైభాగాన్ని చుట్టి కుట్టినవాళ్లలో 29 శాతం మందిలో కనిపించింది. ఇలాంటివాళ్లకు ఆమ్లం తగ్గించే మాత్ర అవసరం, దాన్ని భోజనానికి అరగంట ముందే వేసుకోవాలి. మంట తెలియకుండానే ఈ వాపు రావచ్చు గనక, పోయెమ్ అయినవాళ్లు హాయిగా తింటున్నా సరే డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాలి.