తుత్తునాగము: పేరు, ప్రయోజనములు

గుండుగొలను పరిసరములలో ఏ ఇంటికి వెళ్ళినను తుత్తునాగము కనిపించును. నీటి బక్కెట్టు పూతలోను, ఇంటికప్పు రేకులోను, ఇత్తడి బిందెలోను అది ఉన్నది. నేడు దానిని జింకు అనుచున్నాము. ఇంటిలో నున్న ఈ లోహము వరిచేనికి అందకున్నచో పంట దెబ్బతినును. అందుచే పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి తెలిసికొనుట అవసరమని భావించుచున్నాము.

జింకు అనునది జర్మను భాషనుండి వచ్చిన మాట. కొలిమిలో పేరుకొన్న ఈ లోహము పండ్లవలె మొనదేలి యుండుటచే ఆ పేరు కలిగినదని పలువురి అభిప్రాయము. సంస్కృతమున దీనిని యశదమందురు. తుత్తునాగమును పోలిన మాటయే పోర్చుగీసు వర్తకుల మూలమున ఐరోపాకు చేరినది.

ఈ లోహమును ఖనిజమునుండి తీయుట సులభము కాదు. 907 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ఆవిరియై, గాలి తగులగనే మరల భస్మమగును. రాజస్థానములో ఉదయపూరు చేరువనున్న జావరు పనివారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. వంకాయవంటి మట్టిమూసలలో ఖనిజమును బొగ్గుతో నింపి, బోర్లించి, కాల్చి, ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చిరి. జర్మనీలో మార్గ్‌గ్రాఫ్ 1746లో ఈ లోహమును వేరుచేయుటకు కొన్ని శతాబ్దులకు పూర్వమే ఇది జరిగినది. మన విశాఖపట్టణములోను 1977 నుండి 2012 వరకు జింకు కర్మాగారము పనిచేసినది.

ఇనుముపై జింకు పూసినచో త్రుప్పు పట్టదు. పూత కొంత గీచుకొనిపోయినను, జింకు తాను ముందు కరగి ఇనుమును కాపాడును. రాగితో కలిసినచో ఇత్తడియగును. కాని జింకు పూసిన పాత్రలలో మజ్జిగ, చింతపండు పులుసువంటివి నిలువ ఉంచరాదు. పులుపునకు జింకు కరగి ఆహారములో చేరును.

ఇక వరి సంగతి. ఉత్తరదేశమున వరికి వచ్చుచుండిన ఖైరా అను జబ్బునకు జింకు లోపమే కారణమని పంత్‌నగర్ విశ్వవిద్యాలయమునకు చెందిన నేనే 1966లో తెలిపెను. ఎడతెగక నీరు నిలుచు చేలలోను, చౌడు నేలలలోను జింకు ఉన్నను వేళ్ళకు అందదు. నాటిన రెండు నాలుగు వారములలో లేత ఆకుల నడిమి ఈనె మొదట తెల్లబడును, ముదురు ఆకులపై త్రుప్పురంగు మచ్చలు పుట్టును, పైరు గిడసబారును. దీనిని తెగులని భ్రమించి పురుగుమందు చల్లినచో డబ్బు దండుగయే.

లోపమున్న నేలలో ఆఖరి దమ్మునందు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. మూడు పంటలకు ఒకసారి వేసిన చాలును. దీనిని భాస్వరపు ఎరువులతో కలుపరాదు. నిలిచిన పైరులో లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదు రోజుల ఎడముతో రెండు మూడు పర్యాయములు చల్లవలెను.

నాట్లకు ముందే మట్టి పరీక్ష చేయించుకొనుమని సభ్యులు తమ తమ వార్డుల రైతులకు చెప్పగలరు. ఎరువుల దుకాణమునకు పోకముందు ఆ చీటీ రైతు చేతిలో ఉండవలెను.