గాల్లో నిలిచింది పిట్టా, పురుగా?

"సాయంత్రం నూరువరహాల గుత్తి ముందు వేలెడంత పిట్ట గాల్లోనే నిలబడి తేనె తాగింది. హమ్మింగ్ బర్డేనా?"

కాదు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండవు. అది పిట్ట కూడా కాకపోవచ్చు. చాలామటుకు హాక్ మాత్ అనే చిమ్మట అయి ఉంటుంది.

పొరబడటం తప్పేమీ కాదు. అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు తిరిగిన హెన్రీ బేట్స్ అంతటివాడే హమ్మింగ్ బర్డ్ అనుకుని చిమ్మటను పలుమార్లు కాల్చానని 1863లో అచ్చయిన తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఒకటి రెండోదిగా మారుతుందని అక్కడి జనం నమ్మేవారని కూడా రాశాడు.

మరి చుట్టరికం లేని ప్రాణులకు ఈ పోలిక ఎలా వచ్చింది? తేనె పొడవాటి పూగొట్టం అడుగున ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే పొడుగు నోరు కావాలి. మన దగ్గర తేనె తాగే పిట్ట అయిన ఊదా తేనెపిట్టకు వంపు తిరిగిన ముక్కు, గొట్టంలాంటి నాలుక ఉన్నాయి. చిమ్మటకు చుట్ట చుట్టుకునే తొండం ఉంది. దారులు వేరు, అవసరం ఒక్కటే.

తాగే తీరు చూస్తే తేడా తెలిసిపోతుంది. పది గ్రాములైనా తూగని తేనెపిట్ట వీలైనంతవరకు కొమ్మ మీద వాలి తాగుతుంది. గాల్లో నిలబడగలదు కానీ ఎంతోసేపు కాదు. మందారం మొదట్లో ముక్కుతో చిల్లు పెట్టి, పుప్పొడి అంటకుండా తేనె లాగేస్తుంది. పువ్వుకు అది నష్టమే, అయినా ఆ తెలివి చూడముచ్చటగా ఉంటుంది. చిమ్మట సాధారణంగా వాలదు. ఈ కుటుంబంలో బాగా పరిశోధించిన ఒక జాతి సెకనుకు 70–80 సార్లు రెక్కలాడిస్తుంది. అందుకే రెక్కలు కనబడవు, పొగమంచులా ఉంటాయి. ఎగిరేముందు చల్లబడిన కండరాలను వణికించి వేడెక్కించుకుంటుంది. కొన్ని జాతుల్లో ఒంటి చివర ఉండే వెంట్రుకల కుచ్చు అచ్చం పక్షి తోకలా విచ్చుకుంటుంది. మన కన్ను మోసపోయేది అక్కడే.

ఈసారి తల వైపు చూడండి. రెండు మీసాలు కనిపిస్తే చిమ్మట. "చివిట్ చివిట్" అని అరిస్తే తేనెపిట్ట.

ఇంకో సంగతి. తేనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు, పిల్లలు పెరగాలంటే అవి కావాలి. అందుకే సాలెగూళ్లతో అల్లిన వేలాడే గూట్లోని పిల్లలకు తేనెపిట్ట సాలీళ్లను, పురుగులను, గొంగళిపురుగులను పట్టి తెస్తుంది. ఆ గొంగళిపురుగుల్లో రేపటి చిమ్మటలూ ఉండవచ్చు.