గెలిచిన నేతకు సీటు.. గెలిపించిన ఓటర్లకు వేటు! ఐర్లాండ్ 'క్లేర్' ఎన్నికల కథ ఇదీ

పోటీ చేయొచ్చు.. కానీ గెలిస్తే సభలో కూర్చోలేడు! ఇలాంటి అభ్యర్థికి ఎవరైనా ఓటేస్తారా? 1828లో ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ రైతులు వేశారు. ఆ ఒక్క ఉప ఎన్నిక దెబ్బకు బ్రిటన్ ప్రభుత్వం ఏడాది తిరిగేలోపే చట్టం మార్చింది. అయితే అదే రోజు మరో చట్టం తెచ్చి, ఆయన్ను గెలిపించిన రైతుల ఓటు హక్కునే లాగేసుకుంది. అసలేం జరిగింది? ఇప్పుడు లేని ఆ బ్రిటిష్ పార్లమెంట్ నియోజకవర్గానికి చరిత్రలో ఇంత పేరెందుకు?

క్లేర్ ఎక్కడుంది?

ఐర్లాండ్ పశ్చిమ తీరంలో, అట్లాంటిక్ సముద్రం అంచున ఉన్న కౌంటీ క్లేర్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దీని కేంద్రం ఎనిస్ పట్టణం. 1801లో ఐర్లాండ్‌ను బ్రిటన్‌లో కలిపేయడంతో డబ్లిన్‌లోని ఐరిష్ పార్లమెంట్ రద్దయింది. అప్పటి నుంచి ఐర్లాండ్ ఎంపీలు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌కు వెళ్లాల్సి వచ్చింది. క్లేర్ కౌంటీకి దక్కింది రెండు సీట్లు. 1885 వరకు ఇదే లెక్క.

మంత్రి పదవి వచ్చింది.. సీటు పోయింది!

1828లో క్లేర్ ఎంపీ విలియం వెసీ ఫిట్జ్‌జెరాల్డ్‌కు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అధ్యక్షుడిగా ప్రమోషన్ వచ్చింది. అప్పటి రూల్ ప్రకారం మంత్రి పదవి తీసుకున్న ఎంపీ మళ్లీ ప్రజల ముందుకెళ్లి గెలవాలి. మామూలుగా ఇది లాంఛనమే. పైగా ఫిట్జ్‌జెరాల్డ్ ప్రొటెస్టెంట్ అయినా కేథలిక్కుల హక్కులకు మద్దతిచ్చిన వ్యక్తి. ఆయనపై పోటీకి దిగడానికి స్థానిక నేతలు ముందుకు రాలేదు.

అప్పుడు రంగంలోకి దిగారు లాయర్ డేనియల్ ఓకానెల్. ఆయన కేథలిక్. ఆ రోజుల్లో కేథలిక్ ఎన్నికల్లో నిలబడకూడదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ గెలిచాక సభలో చేయాల్సిన ప్రమాణం మాత్రం కేథలిక్ మతాన్ని తప్పుబట్టేలా ఉండేది. నమ్మకం ఉన్న ఏ కేథలిక్కూ ఆ ప్రమాణం చేయలేడు. అంటే తలుపు తెరిచే ఉంది.. గడప మాత్రం దాటనివ్వరు. ఈ మెలికనే ఓకానెల్ ఆయుధంగా మార్చుకున్నారు.

40 షిల్లింగుల ఓటర్లు ఎవరు?

1793 నుంచి కేథలిక్కులకు ఓటు హక్కు ఉంది. ఏడాదికి 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్ల విలువ చేసే భూమిపై జీవితకాల కౌలు ఉంటే కౌంటీలో ఓటు వేయొచ్చు. వీళ్లలో చాలామంది చిన్న రైతులు. భూస్వాములే తమ బలం పెంచుకోవడానికి ఇలాంటి కౌళ్లు ఎడాపెడా ఇచ్చేవారు. ఎందుకంటే ఓటింగ్ బహిరంగం. ఎవరికి వేస్తున్నాడో అందరి ముందూ గట్టిగా చెప్పాలి. దొర మాట కాదంటే పొలం పోతుందన్న భయం. అందుకే ఆ ఓట్లన్నీ దొర జేబులో ఉన్నట్టే లెక్క.

కానీ 1823లో ఓకానెల్ పెట్టిన కేథలిక్ అసోసియేషన్ ఈ లెక్కను తారుమారు చేసింది. నెలకు ఒక్క పెన్నీ చందాతో పేదలను కూడా సంఘంలో చేర్చుకుంది. 1826లో వాటర్‌ఫర్డ్ కౌంటీలో కౌలు రైతులు దొరల మాట కాదని ఓటేశారు. రెండేళ్లకు క్లేర్ వంతు వచ్చింది.

ఐదు రోజుల పోలింగ్

ఓటేయాలంటే ఎనిస్‌కు రావాల్సిందే. కౌంటీ నలుమూలల నుంచి రైతులు గుంపులుగా, చాలాచోట్ల తమ ఊరి ఫాదర్లే ముందు నడుస్తుండగా పట్టణానికి చేరారు. వేలాది జనం. గొడవ జరిగితే ప్రభుత్వానికి సాకు దొరుకుతుందని నేతలు మందు ముట్టొద్దని గట్టిగా చెప్పారు. జనం ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఓకానెల్ పేరును ప్రతిపాదించింది ఓగోర్మన్ మాహన్ అనే కుర్ర నేత. బలపరిచింది టామ్ స్టీల్ అనే ప్రొటెస్టెంట్. ఐదు రోజుల పోలింగ్ తర్వాత జులై 5న లెక్క తేలింది. ఓకానెల్‌కు 2,057 ఓట్లు. ఫిట్జ్‌జెరాల్డ్‌కు 982. సగానికి సగం తేడా!

లండన్‌లో వణుకు

ప్రధాని వెల్లింగ్టన్, హోం మంత్రి రాబర్ట్ పీల్‌కు విషయం అర్థమైంది. ఇది ఒక్క సీటుతో ఆగదు. తర్వాతి ఎన్నికల్లో ఐర్లాండ్‌లోని చాలా కౌంటీల్లో ఇదే జరగొచ్చు. గెలిచినవాళ్లందర్నీ బయట నిలబెడితే అంతర్యుద్ధమే రావొచ్చన్న భయం పట్టుకుంది. రాజు నాలుగో జార్జ్‌కు ఇష్టం లేకపోయినా ఒప్పించారు. 1829 ఏప్రిల్ 13న కేథలిక్ విముక్తి చట్టానికి ఆమోదముద్ర పడింది. కేథలిక్కులకు పార్లమెంట్ తలుపులు తెరుచుకున్నాయి.

కానీ ఓకానెల్‌కు మాత్రం కాదు! ఆయన కొత్త చట్టానికి ముందే గెలిచారు కాబట్టి పాత ప్రమాణమే చేయాలన్నారు. మే 15న సభకు వెళ్లిన ఆయన ఆ ప్రమాణం చేయనని తేల్చి చెప్పారు. దీంతో మళ్లీ ఎన్నిక పెట్టారు. జులై 30న క్లేర్ ఆయన్ను ఈసారి పోటీ లేకుండానే గెలిపించింది. 1830 ఫిబ్రవరిలో ఆయన సభలో అడుగుపెట్టారు.

అసలు ట్విస్ట్ ఇక్కడే

విముక్తి చట్టం వచ్చిన రోజే మరో చట్టం కూడా వచ్చింది. ఐర్లాండ్ కౌంటీల్లో ఓటు అర్హతను 2 పౌండ్ల నుంచి 10 పౌండ్లకు పెంచేశారు. ఒక్కసారిగా ఐదు రెట్లు! 2 లక్షలకు పైగా ఉన్న కౌంటీ ఓటర్లు సుమారు 37 వేలకు పడిపోయారు. పోయింది ఎవరి ఓటు? దొరను ఎదిరించి, పొలం పోయినా పర్వాలేదని ఎనిస్‌కు నడిచొచ్చిన ఆ చిన్న రైతులదే. ఓకానెల్ వ్యతిరేకించారు కానీ ఆపలేకపోయారు. పైస్థాయి కేథలిక్కులకు ఎంపీ పదవులు, పెద్ద ఉద్యోగాలు అందుబాటులోకి వచ్చాయి. కింది స్థాయి రైతు చేతిలో ఉన్న ఒక్క ఓటూ పోయింది.

1852: ఓటు కోసం వెళ్తుంటే కాల్పులు

బహిరంగ ఓటింగ్ ఎంత ప్రమాదకరమో 1852 జులైలో మళ్లీ బయటపడింది. ఓటర్లను సైనికుల కాపలాతో సిక్స్‌మైల్‌బ్రిడ్జ్ అనే ఊరికి తీసుకొస్తుండగా జనంతో ఘర్షణ జరిగింది. సైనికులు కాల్పులు జరిపారు. కనీసం ఆరుగురు చనిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ ఎన్నికను మాత్రం తర్వాత రద్దు చేశారు. రహస్య ఓటింగ్ రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. 1872లో ఆ చట్టం వచ్చాకే కౌలు రైతు భయం లేకుండా ఓటేయగలిగాడు.

ఎంపీ ఇక్కడ.. మనిషి ఆస్ట్రేలియాలో!

1877లో క్లేర్ ఎంపీ సర్ కోల్మన్ ఓలాగ్లెన్ మరణించారు. ఆయన తమ్ముడు బ్రయన్‌ను గెలిపించారు. చిక్కేంటంటే బ్రయన్ ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఉన్నారు! ఆయన లండన్ వచ్చి సీట్లో కూర్చున్నదే లేదు. పైగా అక్కడ అటార్నీ జనరల్ పదవి తీసుకున్నారు. ప్రభుత్వ పదవి తీసుకున్నందుకు 1879లో ఆయన సీటు ఖాళీ అయిందని ప్రకటించారు. మన దగ్గర తరచూ వినిపించే 'లాభదాయక పదవి' వివాదాల మూలం ఈ బ్రిటిష్ సంప్రదాయమే. బ్రయన్‌కు మాత్రం నష్టమేం లేదు. 1881లో ఏకంగా విక్టోరియా ప్రీమియర్ అయ్యారు.

ఆ ఖాళీని నింపింది ఎవరో తెలుసా? 1828లో ఓకానెల్ పేరును ప్రతిపాదించిన ఓగోర్మన్ మాహనే! 1830లో ఇదే క్లేర్ నుంచి గెలిచినా, లంచాల ఆరోపణలపై ఆయన ఎన్నిక రద్దయింది. ఆ తర్వాత దేశాలు పట్టుకు తిరిగి, దాదాపు 80 ఏళ్ల వయసులో మళ్లీ క్లేర్ ఎంపీ అయ్యారు. 1880లో ఆయనతో పాటు రెండో సీటు గెలిచింది కెప్టెన్ విలియం ఓషే. పదేళ్ల తర్వాత ఈయన వేసిన విడాకుల కేసే ఐరిష్ పార్టీ నేత పార్నెల్ రాజకీయ జీవితాన్ని కూల్చేసింది.

రెండు ముక్కలు.. మరో సంచలనం

1885లో పాత నియోజకవర్గం ఈస్ట్ క్లేర్, వెస్ట్ క్లేర్‌గా విడిపోయింది. అలా క్లేర్ కౌంటీ సీటు కథ ముగిసింది. కానీ క్లేర్ అలవాటు మారలేదు. 1917లో ఈస్ట్ క్లేర్ ఎంపీ విల్లీ రెడ్మండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోవడంతో ఉప ఎన్నిక వచ్చింది. అప్పుడే జైలు నుంచి విడుదలైన ఎమన్ డి వలేరా సిన్ ఫెయిన్ తరఫున బరిలోకి దిగారు. ఆయనకు 5,010 ఓట్లు, ప్రత్యర్థి ప్యాట్రిక్ లించ్‌కు 2,035 ఓట్లు వచ్చాయి.

ఇక్కడ తేడా గమనించండి. 1828లో గెలిచిన ఓకానెల్ వెస్ట్‌మినిస్టర్‌లోకి వెళ్లడానికి పోరాడారు. 1917లో గెలిచిన డి వలేరా అసలు వెళ్లనే వెళ్లనన్నారు. ఆయన తర్వాత ఐర్లాండ్ ప్రభుత్వాధినేత అయ్యారు. 1959లో అధ్యక్షుడయ్యేదాకా క్లేర్‌కే ప్రాతినిధ్యం వహించారు.

ఇప్పుడు ఏంటి పరిస్థితి?

వెస్ట్‌మినిస్టర్ సీటుగా క్లేర్ ఇప్పుడు లేదు. ఐర్లాండ్ పార్లమెంట్ దిగువ సభ డాయిల్‌లో మాత్రం అదే పేరుతో నియోజకవర్గం ఉంది. ఎనిస్ నడిబొడ్డున ఎత్తైన స్తంభంపై ఓకానెల్ విగ్రహం నిలబడి ఉంది. ఆయనకు పడిన 2,057 ఓట్లు వేసిన రైతుల్లో చాలామందికి ఆ తర్వాత బతికుండగా మళ్లీ ఓటేసే అవకాశమే రాలేదు.